బంతి పడ్డచోటే జెండా

కొబ్బరికాయ చెట్టు మీంచి పడితే అది ఎవరి తప్పూ కాదు. గోల్ఫ్ బంతి ఆకాశంలోంచి పడితే మాత్రం, అది నిజంగా పడిందో లేదో తేల్చడానికి పొన్నలంకలో ఒక సంస్థ ఉంది. దాని పేరు జిల్లా గోల్ఫ్ వికాస ప్రాధికార సంస్థ.

ఆ సంస్థ ఎందుకు పుట్టిందంటే, రాజధానిలో ఏటా ఒక ఉత్సాహం పుడుతుంది. ఒక ఏడు వెదురు. మరో ఏడు కుందేళ్ళు. ఆ ఏడు గోల్ఫ్. జిల్లాకో మైదానం, గెజిటెడ్ అధికారికో స్వింగ్, అదే బంతిని కొట్టే కర్ర విసురు, ఉండాలని ఉత్తర్వు వచ్చింది. కాలువ పక్కన ఖాళీ భూమి కాస్త కనిపించేసరికి గడ్డి పరిచేశారు, జెండాలు పాతేశారు, ఎడమ పక్కన నిలువెత్తు అద్దాలతో ఆఫీసు కట్టేశారు.

కుడి పక్కన ఏముందో ఎవరూ చూడలేదు. అక్కడ గ్రంధి సూర్యచక్రం గారి కొబ్బరి కళ్ళం ఉంది.

సూర్యచక్రం అంటే పుట్టు వ్యాపారి. కాయ చేతికొస్తే చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల నీళ్ళెన్నో, కొబ్బరెంతో చెప్పేసేవాడు. మనుషుల్నీ అలాగే ఊపి చూసేవాడు. ఎవరైనా కొత్తవాడు వచ్చి రెండు మాటలు మాట్లాడితే చాలు, వీడు ముదురా, లేతా, పైకి బాగుండి లోపల ఎండిపోయినవాడా అని మనసులోనే ఏరి ఓ పక్కన రాశి పోసేవాడు. ఆయన కళ్ళంలో కాయలు ఒలిచేవాళ్ళూ, పగలగొట్టేవాళ్ళూ, ఎండబెట్టేవాళ్ళూ కలిసి నలభై మంది. తెల్లవారితే ఆ నలభై మందీ నవ్వుకుంటూ రావాలి, సాయంత్రం నవ్వుకుంటూ పోవాలి. ఆయన జీవితంలో లాభనష్టాలు చూసుకునే తీరు అంతే.

మైదానం తెరిచిన మొదటి వారంలోనే ఒక బంతి వచ్చి ఎండుకొబ్బరి రాశిలో పడింది. రెండోది నీళ్ళ కుండలో పడింది. మూడోది చిప్పలు ఎండబోస్తున్న వెంకాయమ్మ భుజానికి తగిలింది. ఆ మర్నాటినుంచి ఆడవాళ్ళంతా నెత్తిన గంపలు బోర్లించుకుని పనిచేయడం మొదలుపెట్టారు. దూరం నుంచి చూస్తే గంపలే నడిచి వెళ్తున్నట్టు ఉండేది.

"షావుకారు గారూ, ఇలాగైతే మేం రాలేమండి. గంపకింద మొగుణ్ణి కూడా గుర్తుపట్టలేకపోతున్నాం" అంది వెంకాయమ్మ.

సూర్యచక్రం ఒక బంతి తీసి, అలవాటు కొద్దీ చెవి దగ్గర ఊపాడు. నీళ్ళు లేవు. బంతులన్నీ గోతంలో వేయించుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

మేనేజింగ్ డైరెక్టరు ధర్మతేజ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. పక్కన సూపరింటెండెంట్ హైమావతి గారు. ఆవిడ కాగితం మీద ఏముంటే అది జరిపించే మనిషి. కాగితం మీద లేనిది తన కళ్ళముందు జరిగినా తలెత్తి చూడదు.

"ఇవి మా బంతులేనని మీరెలా నిర్ధారించారు?" అన్నారు ధర్మతేజ గారు.

"మా చెట్లకి ఇవి కాయవండి."

"చూడండి, గోల్ఫ్ బంతి పతనం అనేది సాంకేతికాంశం. సాంకేతికాంశంపై అభ్యంతరం తెలియజేసే అర్హత ధ్రువీకృత క్రీడాకారునికి మాత్రమే ఉంటుంది. హైమావతి గారూ?"

"నియమావళి పదకొండు, ఉపనియమం నాలుగు సార్."

"మా వెంకాయమ్మ భుజం వాచిందండి."

"భుజం వైద్యారోగ్య శాఖ చూస్తుంది. పతనం మేం చూస్తాం. రెండూ కలపకండి."

సూర్యచక్రానికి విషయం అర్థమైంది. ఈ కొట్లో ఈ సరుకు కావాలంటే ముందు ఈ కొట్టు వాళ్ళ సంచీ కొనాలి. "ఆ ధ్రువీకరణ ఏదో నాకూ ఇప్పించండి" అన్నాడు.

"మూడు బంతులు కొట్టాలి. బోర్డు ఎదుట. మూడూ జెండాకి పది గజాల లోపల పడాలి" అంది హైమావతి గారు, తలెత్తకుండానే ఫారం అందిస్తూ.

అలా యాభై ఎనిమిదో ఏట సూర్యచక్రం పంచె మీద తెల్ల టోపీ పెట్టుకుని గోల్ఫ్ నేర్చుకోవడానికి బయల్దేరాడు. భార్య మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి పైనుంచి కిందిదాకా చూసి, "టోపీ బాగుంది. మిగతాది మీరు చూసుకోండి" అంది.

నేర్పేవాడు రత్నరాజు మాస్టారు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. మనసులో మాట దాచలేడు. అందుకే సంస్థ వాళ్ళు ఆయనకి మాటల జాబితా ఒకటి ఇచ్చారు, ఏది అనాలో, ఏది అనకూడదో.

సూర్యచక్రం కర్ర ఎత్తాడు. ఎత్తడం బాగానే ఎత్తాడు. దించేటప్పుడు మాత్రం కుడి భుజం ముందుకు దూకింది, కర్ర పైనుంచి అడ్డంగా కోసుకుంటూ దిగింది. బంతి ముందు ఎడమకి పోతున్నట్టు నటించి, గాలిలో వంగి, వంగి, కుడిపక్క కళ్ళం వైపు పోయింది. అవతలి నుంచి వెంకాయమ్మ అరుపు వినిపించింది.

మాస్టారు ఆయన భుజం వంక చూసి, "చక్రం గారూ, మీరెప్పుడైనా బొండాలు కొట్టి అమ్మారా?" అన్నాడు.

సూర్యచక్రం ఆశ్చర్యపోయాడు. "పదకొండేళ్ళండి. బస్టాండు దగ్గర. మీకెలా తెలిసింది?"

"మీ భుజం చెప్పింది. ఎడం చేతిలో బొండాం, కుడి చేత్తో కత్తి. పైనుంచి ఏటవాలుగా వేటు. బొండానికి ఆ వేటే కావాలి. బంతికి ఆ వేటు పడితే అది ఏడుస్తూ పక్కకి పోతుంది. దీన్ని ఓవర్ ది టాప్ అంటారు. ఇది పెద్ద త..." అని మాస్టారు నాలుక కరుచుకుని, జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. "తప్పు అనకూడదు. 'ఊర్ధ్వమార్గ ప్రవేశం' అనాలి."

"ఎందుకండీ?"

మాస్టారు గొంతు తగ్గించాడు. "ఎం.డి. గారిదీ అదే స్వింగ్. ఆయన కింద ఉన్న పద్నాలుగు మందిదీ అదే. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద ముద్రలు గుద్దిన భుజాలండీ. పైనుంచి తప్ప దిగవు."

సూర్యచక్రం లెక్క కట్టుకున్నాడు. తనొక్కడి బంతి కుడికి పోతే అది తన సమస్య. పదిహేను మంది అధికారుల బంతులూ కుడికే పోతున్నాయంటే అది కళ్ళం సమస్య. తను అర్హత సంపాదించి అభ్యంతరం చెప్పాలి. లేదా వీళ్ళందరి భుజాలూ బాగవ్వాలి. రెంటిలో మొదటిదే చవక.

నెల తిరిగేసరికి ఢిల్లీ నుంచి ఒక నిపుణుడు వచ్చి మూడు రోజులుండి, నాలుగు వందల పేజీల నివేదిక ఇచ్చి వెళ్ళాడు. కొత్త విధానం అందులో ఉంది. దించేటప్పుడు ముందు నడుము తిరగాలి, తర్వాత భుజం రావాలి, ఆఖరున చేతులు రావాలి, కర్ర లోపలి దారిన దిగాలి. నాలుగు వందల పేజీలూ పిండితే వచ్చే రసం ఇంతే.

సంస్థ ఆ విధానాన్ని సంతోషంగా ఆమోదించింది. అయితే పాత విధానాన్ని రద్దు చేయలేదు. రద్దు చేస్తే ఇంతవరకూ అందరూ తప్పు కొట్టారని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని హైమావతి గారు ఒక ఉత్తర్వు తయారుచేశారు. మైదానం గేటుకి అంటించారు:

'నూతన విధానం పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చేవరకు, సంధికాల ఏర్పాటుగా, క్రీడాకారులు కర్రను పైకెత్తునపుడు నూతన విధానమును, కిందికి దించునపుడు పూర్వ విధానమును పాటించవలెను. ఉల్లంఘించినవారి స్వింగ్ పరిగణనలోనికి తీసుకొనబడదు.'

ఒక్కొక్క ఆటగాడి పక్కన అట్టపట్టుకుని ఒక జూనియర్ అసిస్టెంటు నిలబడ్డాడు. కర్ర పైకి వెళ్ళగానే 'నూతన' గడిలో ఒక టిక్కు, కిందికి రాగానే 'పూర్వ' గడిలో ఒక టిక్కు. సూర్యచక్రం ఒకసారి పొరపాటున నడుము ముందు తిప్పబోతే, ఆ అసిస్టెంటు "ఆగండాగండి! దిగేటప్పుడు పాతది!" అని గాలిలోనే ఆపేశాడు. ఆ ఆపడంలో నడుము పట్టేసి, సూర్యచక్రం రెండు రోజులు పక్కకి తిరిగి నడిచాడు.

పైన ఒక విధానం, కింద ఒక విధానం అయ్యేసరికి బంతులు ఇదివరకటికంటే ఎక్కువ వంపు తిరిగాయి. కళ్ళంలో గంపలు సరిపోక ఆడవాళ్ళు జల్లెడలు కూడా బోర్లించుకున్నారు.

ఇక్కడే ధర్మతేజ గారు తన మేధస్సు చూపించారు. అధికారుల సమావేశం పెట్టి, గోడ మీద ఒక పటం వేయించారు.

"మిత్రులారా, గణాంకాలు అబద్ధమాడవు. గత త్రైమాసికంలో మూడో జెండా వైపు కొట్టిన బంతుల్లో నూటికి తొంభై ఆరు కుడివైపు పడ్డాయి. పదిహేను మంది అనుభవజ్ఞులైన అధికారులు ఏకగ్రీవంగా ఒకచోటికి కొడుతుంటే, జెండా ఇంకొక చోట ఉంది. లోపం ఎక్కడుంది?"

రత్నరాజు మాస్టారు నోరు తెరిచి, జేబులో కాగితం తడుముకుని, మూసేశాడు.

"జెండాలో ఉంది!" అన్నారు ధర్మతేజ గారు.

చప్పట్లు మోగాయి. ఏడో తీర్మానం ఆమోదం పొందింది: 'జెండా బంతిని అనుసరించవలెను.'

మర్నాడు పొద్దున్నే గొలుసులు పట్టుకుని సర్వేవాళ్ళు కళ్ళంలోకి వచ్చారు. ఎండుకొబ్బరి రాశి నడినెత్తిన ఎర్ర జెండా పాతారు. సూర్యచక్రం చేతిలో ఒక నోటీసు పెట్టారు. బంతులు ఆర్నెల్లుగా నిరాటంకంగా పడుతున్నందున సదరు స్థలం మైదానంలో అంతర్భాగంగా భావించబడుతున్నది, స్వాధీనం చేసుకొనబడును, అభ్యంతరములున్నచో ముప్పై రోజుల్లోగా ధ్రువీకృత క్రీడాకారులు మాత్రమే తెలుపవచ్చును.

నలభై మందీ చేతిలో పని ఆపి జెండా వంక చూశారు. మాణిక్యాంబ మాత్రం అప్పుడే వడియాలు పెట్టిన చీర తెచ్చి దాని కింద పరిచింది.

"జెండా ఊగుతోంది కదా, కాకులు రావు. ఉన్నన్నాళ్ళూ పనికొస్తుంది" అంది.

కాయలు ఒలిచేవాళ్ళలో పెద్దవాడు తాతబ్బాయి. అరవై దాటినా రోజుకి వెయ్యి కాయలు ఒలుస్తాడు. ఆయన అడిగాడు: "షావుకారు గారూ, మనం వేరేచోటికి పోవాలాండి?"

"ముప్పై రోజులుంది తాతబ్బాయీ. మూడు బంతులు తిన్నగా కొడితే పోనక్కర్లేదు."

"తిన్నగా కొట్టడానికి అంత ఇదేవుందండి?"

సూర్యచక్రానికి ఒళ్ళు మండింది. అక్కడే కర్ర తీసి చూపించాడు. "చూడు. నడుము ముందు తిరగాలిట, తర్వాత భుజం, ఆఖరికి చేతులు. నాకు భుజమే ముందు దూకుతోంది."

తాతబ్బాయి తన గునపం దగ్గరికి వెళ్ళాడు. భూమిలో నిలువుగా పాతిన ఇనప గునపం, నడుము ఎత్తున మొన. ఒక కాయ తీసుకుని మొన మీద గుచ్చి, నడుము తిప్పాడు. కరకరమని పీచు ఊడింది. మళ్ళీ గుచ్చాడు, మళ్ళీ నడుము. మూడు తిప్పులకి కాయ నున్నగా బయటికొచ్చింది. భుజాలు కదిలినట్టే లేదు. చేతులు ఊరికే వెంట వెళ్ళాయి.

సూర్యచక్రం నోరు తెరిచి చూశాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ కళ్ళముందు జరుగుతున్నదే. ఢిల్లీ నిపుణుడి నాలుగు వందల పేజీలూ లుంగీ కట్టుకుని తన కళ్ళంలోనే నిలబడి ఉన్నాయి.

"భుజంతో నొక్కితే ఏమవుతుంది?"

"పీచు ఊడదండి, మన ఊపిరి ఊడుద్ది. గునపం దగ్గిర బుజానికి పన్లేదండి. నడుం చెప్పినట్టు ఇనాలంతే. ఆయ్!"

ఆ రోజునుంచి సూర్యచక్రం పొద్దున్నే నలభై కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో రోజు భుజం ముందు దూకబోతే తాతబ్బాయి వెనకనుంచి కొబ్బరి మట్టతో దానిమీద ఒక్కటి తగిలించాడు. "తప్పైపోయిందండి షావుకారు గారూ" అని వెంటనే అన్నాడు గానీ, మట్ట కింద పెట్టలేదు. పది రోజులకి భుజానికి బుద్ధొచ్చింది. పదిహేనో రోజున కర్ర పట్టుకుని, ఇది కర్ర కాదు, గునపం మీద కాయ అనుకుని కొట్టాడు. బంతి తిన్నగా పోయింది. ఎటూ వంగలేదు. దారి తెలిసిన ఎద్దుబండిలా పోయింది.

చూడ్డానికి వచ్చిన రత్నరాజు మాస్టారు టోపీ తీసేశాడు. "చక్రం గారూ, ఇది... ఇది..." అని జేబులో కాగితం వెతికాడు. బాగున్నదాన్ని ఏమనాలో ఆ జాబితాలో లేదు.

ఇరవై తొమ్మిదో రోజున పరీక్ష. బోర్డు సభ్యులు షామియానా కింద కూర్చున్నారు. సూర్యచక్రం నడుము తిప్పాడు. మొదటి బంతి తిన్నగా. రెండోది మొదటిదాని పక్కనే. మూడోది ఆ రెంటి మధ్యన. గోడ అవతల నలభై మందీ ఈలలు వేశారు.

హైమావతి గారు టేపు పెట్టి కొలిపించి రాసుకున్నారు. "మూడు బంతులూ జెండాకి నూటపది గజాలు ఎడమగా పడ్డాయి. అనుత్తీర్ణత."

"అమ్మా, మూడూ తిన్నగా పోయాయి కదండీ!"

"పోయాయి. జెండా మీ కళ్ళంలో ఉంది కదా."

సూర్యచక్రం అటు చూశాడు. నిజమే. దూరంగా, వడియాల మీద, ఎర్ర జెండా హాయిగా ఊగుతోంది. పాతలాగే బొండాం వేటు వేసి ఉంటే మూడు బంతులూ దాని మొదట్లోనే పడేవి.

"అయితే నేను బాగుపడకుండా ఉంటే పాసయ్యేవాణ్ణి" అన్నాడు.

"ఆ విషయం నియమావళిలో లేదు" అంది హైమావతి గారు.

ముప్పయ్యో రోజు గడిచిపోయింది. గడువు ముగిసినట్టు ఇంకో నోటీసు వచ్చింది. స్వాధీనానికి తేదీ మాత్రం వేయలేదు. ఎందుకంటే సంస్థ మొత్తం మరో కంగారులో పడింది. రాజధాని నుంచి పెద్దసారు మైదానం చూడ్డానికి వస్తున్నారట. ఆయన చిన్నప్పటినుంచీ ఆడినవాడట. వంకర దెబ్బ చూస్తే అక్కడికక్కడే బదిలీ చేస్తాడట.

ఆ వార్త వచ్చిన రెండో రోజు తెల్లవారుతుండగా కళ్ళం గేటు దగ్గర నెత్తిన తువ్వాలు కప్పుకుని ఒకాయన నిలబడ్డాడు. తువ్వాలు తీస్తే ధర్మతేజ గారు.

"సూర్యచక్రం గారూ, నేను అనధికారికంగా వచ్చాను."

"రండి. అనధికారికంగా కూర్చోండి."

"పరీక్ష రోజు మీ స్వింగ్ చూశాను. అది... ఎలా?"

సూర్యచక్రం ఆయన్ని మనసులో చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. మనిషి నిండా భయమే గలగలమంటోంది. ఇలాంటి కాయని విసిరి కొట్టకూడదు, మెల్లిగా ఒలుచుకోవాలి. లోపలికి తీసుకెళ్ళి తాతబ్బాయికి అప్పగించాడు.

"ఇలా నిలబడండి సారూ. నడుం ముందండి. అయ్యయ్యో, బుజం కాదండి! ముద్ర గుద్దట్లేదు మీరు, కాయ ఒలుత్తున్నారు."

ఎం.డి. గారు అయిదు కాయలు ఒలిచి, గోళ్ళు రెండు విరగ్గొట్టుకుని, ఎగిరి గంతేశారు. వారం తిరిగేసరికి ఆయన బంతి తిన్నగా పోయింది. ఆ సంతోషం ఆయన ఒక్కడి దగ్గర ఉంచుకుంటే బాగుండేది. కానీ అధికారికి మంచి జరిగితే అది ఉత్తర్వు కాకుండా ఉండదు.

'సంస్థ సిబ్బంది యావన్మందీ ప్రతిదినము ఉదయం నూరు కొబ్బరికాయలు ఒలువవలెను. వలుపు విధానము సంస్థ యొక్క ఏకైక అధికారిక విధానముగా ప్రకటించబడినది. పూర్వ ధ్రువపత్రములన్నియు రద్దు చేయబడినవి. విధానమునకు గురుస్థానీయులైనవారికి పరీక్ష నుండి మినహాయింపు ఇవ్వడమైనది.'

దాంతో మొదటి నంబరు ధ్రువపత్రం తాతబ్బాయికి వచ్చింది. ఆయన ఇంతవరకూ గోల్ఫ్ కర్ర ముట్టుకున్నవాడు కాదు. రెండో నంబరు సూర్యచక్రానిది. మూడో నంబరు లేదు. మిగతావాళ్ళంతా ఇంకా ఒలుస్తున్నారు.

సూర్యచక్రం ఆ పత్రం పట్టుకుని వెంటనే ఆఫీసుకి పరిగెత్తాడు. "ఇప్పుడు నేను అభ్యంతరం చెప్పచ్చు కదండీ?"

హైమావతి గారు తేదీ చూసింది. "అర్హత ఉంది. గడువు లేదు."

"గడువున్నప్పుడు అర్హత లేదన్నారు!"

"అవునండి. రెండూ ఒకేసారి రావడం అరుదు."

సూర్యచక్రం పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇవాళ అమ్ముడుపోని సరుకుని పారేయడు ఆయన. దాచిపెడతాడు.

కళ్ళం మాత్రం సందడిగా మారింది. పొద్దున్నే పద్నాలుగు మంది అధికారులు ప్యాంట్లు మడిచి గునపాల దగ్గర బారులు తీరేవారు. ఎవరి హోదాకి తగ్గ గునపం వాళ్ళకి. ఒక డిప్యూటీ డైరెక్టరు తన గునపం అసిస్టెంటు డైరెక్టరు గునపం కంటే రెండంగుళాలు పొట్టిగా ఉందని లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. వాళ్ళు ఒలిచిన కాయకి సగం పీచు అలాగే ఉండిపోయేది. మార్కెట్లో దానికి 'ఆఫీసు వలుపు' అని కొత్త రకం పేరు పుట్టింది. మళ్ళీ తాతబ్బాయి మనుషులు కూర్చుని దాన్ని ఒలిచేవారు.

"షావుకారు గారూ, వీళ్ళ సాయం మనకి రెండింతల పని పెడతందండి" అన్నాడు తాతబ్బాయి.

"ఓర్చుకో. సరుకు ముగ్గుతోంది" అన్నాడు సూర్యచక్రం.

నిజంగానే ముగ్గింది. రోజుకి ఇరవై కాయలు ఒలిస్తే భుజం చక్కబడుతుంది. నూరు ఒలిస్తే నడుము ఆగదు. పెద్దసారు వచ్చేనాటికి అధికారుల నడుములు బొంగరాలయ్యాయి. దిగడం మొదలుపెడితే కర్ర లోపలినుంచి మరీ లోపలికి పోయి బయటికొచ్చేది. బంతులు ఇప్పుడు కుడికి పోవడం మానేశాయి. గాలిలో వంగి, వంగి, ఎడమకి పోసాగాయి. కళ్ళంలో ఆడవాళ్ళు గంపలు దించి మొహాలు చూసుకున్నారు.

ఎడమ పక్కన అద్దాల ఆఫీసుంది.

పెద్దసారు వచ్చిన రోజు బాజాలు పెట్టారు. ముందు ఆయనకి తీర్మానాల పుస్తకం చూపించారు. ఏడో తీర్మానం దగ్గర ఆయన ఆగిపోయారు. "జెండా బంతిని అనుసరించాలి! ఎంత దార్శనికత! ప్రజల దగ్గరికే పాలన అన్నట్టుగా ఉంది. దీన్ని మార్చడానికి వీల్లేదు. రాష్ట్రమంతటా అమలు చేయండి" అన్నారు.

ధర్మతేజ గారు ఉబ్బిపోయి కర్ర తీసుకున్నారు. నడుము తిప్పారు. బంతి లేచింది, వంగింది, వెళ్ళి వెళ్ళి ఎం.డి. గారి గది అద్దంలోంచి లోపలికి పోయింది. ఆయన వెనక పద్నాలుగు మంది కొట్టారు. పద్నాలుగు అద్దాలు. పెద్దసారు ఒక్కసారి కూడా రెప్ప వాల్చలేదు. చివరికి, "ఏకాభిప్రాయం బాగుంది" అని కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు ధర్మతేజ గారి బల్ల మీద ఒక నోటీసు ఉంది. గోడ మీద పటం కూడా మారింది. నూటికి తొంభై నాలుగు బంతులు ఎడమవైపు. ఏడో తీర్మానం ప్రకారం మూడో జెండా సంస్థ కార్యాలయ భవనంలోకి, నిర్దిష్టంగా ఎం.డి. గారి గదిలోకి మార్చబడుతున్నది. భవనం వారంలోగా ఖాళీ చేయవలెను. సంతకం, హైమావతి.

"హైమావతి గారూ! ఇది మన ఆఫీసండీ!"

"అవును సార్. నా కుర్చీ కూడా అందులోనే ఉంది. సర్దుకుంటున్నాను."

"తీర్మానం రద్దు చేద్దాం."

"పెద్దసారు మార్చకూడదన్నారు సార్."

"అయితే నేను అభ్యంతరం చెబుతున్నాను!"

"మీ ధ్రువపత్రం రద్దయింది సార్. మీరే రద్దు చేశారు. వలుపు పరీక్ష మీరింకా పాసవ్వలేదు. మీ కాయకి పీచు ఉండిపోతోందని నివేదిక ఉంది."

"ఎవరిచ్చారు?"

"తాతబ్బాయి గారు."

మధ్యాహ్నానికల్లా ధర్మతేజ గారు తువ్వాలు కూడా కప్పుకోకుండా, ఎర్రటి ఎండలో, కళ్ళానికి వచ్చారు. సూర్యచక్రం తొణక్కుండా కూర్చుని కాయలు ఊపి చూస్తున్నాడు.

"చక్రం గారూ, మీరొక్క అభ్యంతరం రాసివ్వాలి. మీకు అర్హత ఉంది, ఈ కొత్త నోటీసుకి గడువూ ఉంది. రెండూ ఉన్నవాళ్ళు జిల్లాలో మీరూ, తాతబ్బాయీ ఇద్దరే."

"రాస్తానండి. కానీ అభ్యంతరం రాస్తే జెండా ఎక్కడ పెట్టాలో కూడా అందులో రాయాలిట కదా. మీ గదిలో వద్దు, బాగుంది. నా కళ్ళంలోనూ వద్దని రాస్తే మీకేమైనా ఇబ్బందా?"

ధర్మతేజ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏమీ లేదు. కానీ ఎక్కడ పెట్టాలి? సర్వే చేయించాలి, నిపుణుణ్ణి పిలిపించాలి, కమిటీ వేయాలి..."

తాతబ్బాయి గునపం దగ్గరినుంచి తలెత్తకుండానే అన్నాడు: "మొదట్లో ఉన్నచోట గొయ్యి ఇంకా అలాగే ఉందండి. కొత్తది తవ్వక్కర్లేదు."

ఎం.డి. గారు ఆయన వంక తిరిగారు. "అద్భుతం" అన్నారు.

అభ్యంతరం మీద మొదటి నంబరు ధ్రువీకృత క్రీడాకారుడి హోదాలో తాతబ్బాయి సంతకం పెట్టాడు. రెండో సంతకం సూర్యచక్రానిది. హైమావతి గారు ముద్ర వేసి, వెంటనే అమలు చేశారు. మాణిక్యాంబ వడియాలు ఎత్తి, జెండా పీకి, "ఇదిగో, కాకులు మళ్ళీ వస్తే మీదే బాధ్యత" అని సర్వేవాళ్ళ చేతికిచ్చింది. జెండా పాత గోతిలోకి వెళ్ళింది. దాని చుట్టూ ఒక ప్రారంభోత్సవం జరిగింది. 'నూతన స్థలం' అని శిలాఫలకం వేశారు.

తాతబ్బాయి సలహా మీద కాయలు రోజుకి ఇరవైకి తగ్గించారు. నడుములు నెమ్మదించాయి. బంతులు మెల్లిమెల్లిగా మధ్యలోకి వచ్చాయి.

ఇప్పటికీ పొద్దున్నే ధర్మతేజ గారు కళ్ళానికి వస్తారు. గోల్ఫ్ మాట ఎత్తరు. వచ్చి, చొక్కా చేతులు మడిచి, తన ఇరవై కాయలూ ఒలిచి, నున్నగా ఊడిన కాయని పైకెత్తి అందరికీ చూపించి వెళ్తారు. ఒకరోజు ఆయన ఒలిచిన కాయని సూర్యచక్రం తీసుకుని, చుట్టూ తిప్పి చూశాడు. ఒక్క పోగు పీచు లేదు. చెవి దగ్గర పెట్టి ఊపాడు.

"తాతబ్బాయీ, దీన్ని మన రాశిలో పోసెయ్" అన్నాడు.

ఆ రోజు ధర్మతేజ గారు ఆఫీసుకి నడుస్తూ వెళ్తుంటే, ఆయన్ని చూసినవాళ్ళు ఏదో ప్రమోషన్ వచ్చిందనుకున్నారు.